మళ్ళీ రేగులగుట్ట కోటకు

నవంబరు వచ్చిందంటే ఫిల్మ్ నగర్‌లో వరప్రసాద్ కోసం జనం వెతుక్కుంటూ వచ్చేవారు. వాళ్ళకు సినిమా పనేమీ ఉండదు. క్రిస్మస్ సెలవులకు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో కనుక్కోవడానికి వచ్చేవారు. అతను లొకేషన్ మేనేజరు. రేపల్లె నుంచి ఇరవై ఏళ్ళ వయసులో వచ్చి, పాడుబడ్డ కోటలూ, కూలిపోయిన గుళ్ళూ, ఎండిపోయిన దిగుడుబావులూ కెమెరాలకు చూపించి బతికినవాడు. కర్ణాటక సరిహద్దు దాకా ఏ గుట్ట మీద ఏ రాజు గోడ కట్టించాడో, అక్కడికి వ్యాను వెళుతుందో లేదో అతనికి తెలుసు.

సలహా అడిగినవాళ్ళకు అతను ముందు ఎదురు ప్రశ్నలు వేసేవాడు. "ఇంట్లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉన్నారా? చంటిపిల్లలున్నారా? పొద్దున్నే లేస్తారా, లేక పది దాకా పడుకుంటారా?" అవన్నీ విని చెప్పేవాడు. "పెద్దావిడ ఉందంటున్నారు కదా, హంపి అంతా ఒక్కరోజులో తిప్పకండి, మధ్యాహ్నానికే కూలబడిపోతుంది. బీదర్ వెళ్ళండి, కోట దగ్గరదాకా కారు పోతుంది. గండికోటకు మాత్రం సూర్యుడు లేచేలోపు వెళ్ళాలి, లేకపోతే దండగ." వెళ్ళొచ్చినవాళ్ళు జూబ్లీహిల్స్ నుంచి స్వీట్ల డబ్బా పంపేవారు. భార్య మనోజ నవ్వేది. "మీరు సినిమాలు మానేసి ఇదే పెట్టుకోండి" అనేది.

అదంతా రేగులగుట్టకు ముందు సంగతి.

ఒక డిసెంబరులో ఏదో పాట కోసం తెల్లవారుజామున మంచు కావాలన్నారు. రేగులగుట్ట కోట చూపించింది వరప్రసాదే. మహబూబ్‌నగర్ దాటి చాలా దూరం పోవాలి. జనం అంతగా ఎరగని చోటు. రెండు ద్వారాలు, మధ్యలో రాతి మండపం, వెనక కోనేరు. లోపలి ద్వారం కమాను కింద పెద్ద తేనెపట్టులు నల్లటి సంచుల్లా వేలాడుతూ ఉండేవి. వాటిని కూడా చూపించాడు. "పొగ ఇటు రాకుండా చూసుకోండి" అని ప్రొడక్షన్ మేనేజరుకు చెప్పాడు. మేనేజరు తలూపాడు. మంచులా కనపడ్డానికి పొగ వేసేవాళ్ళు దూరంగానే వేశారు. కానీ గాలి తిరిగింది.

తర్వాత ఏం జరిగిందో వరప్రసాద్‌కు వరసగా గుర్తులేదు. చెవుల్లో హోరు. ఎవరో అమ్మా అని అరవడం. కళ్ళు తెరిస్తే రెప్పల మీద పాకుతున్నవి. జీపు వైపు పరిగెత్తుతూ వెనక్కి చూసినప్పుడు కోటగోడ మీద లైటు పక్కన ఒక మనిషి చేతులు ఊపుతూ కనపడ్డాడు. బోరబండ పోచయ్య. లైట్‌మన్. అంత ఎత్తు నుంచి దిగడానికి ఒకే నిచ్చెన. ఆస్పత్రిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. వరప్రసాద్ ముఖం గుమ్మడికాయంత అయింది, కళ్ళు మూసుకుపోయాయి. పక్క మంచం మీంచి ఊపిరి ఎగదీస్తున్న శబ్దం మాత్రం వినపడుతూ ఉండేది. సాయంత్రానికి అది ఆగిపోయింది.

ఒంటి వాపు వారంలో తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు. ఆఫీసు సందులో జనరేటరు వ్యాను స్టార్ట్ చేస్తే వరప్రసాద్ కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. ఇంట్లో ఫ్రిజ్ ఒక రకంగా మోగితే చేతిలో అన్నం ముద్ద ఆగిపోయేది. కోటలు, గుట్టలు మానేశాడు. జూబ్లీహిల్స్ బంగళాలూ, స్విమ్మింగ్ పూలున్న ఇళ్ళూ మాత్రమే చూపించడం మొదలుపెట్టాడు. సెలవుల సలహాకు వచ్చినవాళ్ళకు రిసార్టుల పేర్లు చెప్పేవాడు. "పాత కోట ఏదైనా చెప్పండి సార్, మీరైతే తెలిసినవారు" అని బతిమాలితే, "చలికాలంలో పిల్లలకు జలుబు చేస్తుందండీ" అని తప్పించుకునేవాడు. రానురాను వాళ్ళూ రావడం మానేశారు.

పోచయ్య ఇంటికి ఒక్కసారే వెళ్ళాడు, దినం నాడు. ఆయన భార్య రాజమ్మ అందరితోపాటే అతనికీ విస్తరి వేసింది. ఆ తర్వాత వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒక సాయంత్రం మధురానగర్ ఫ్లాటులో నలుగురూ అన్నాలకు కూర్చున్నారు. నాలుగో మనిషి మనోజ తల్లి అమ్మాజీ. డెబ్భై దాటిన మనిషి, భర్త పోయాక కూతురి దగ్గరే ఉంటోంది. డిగ్రీ చదువుతున్న కూతురు లాస్య ఫోను పట్టుకుని ఉత్సాహంగా చెప్పడం మొదలెట్టింది.

"నాన్నా, ఈసారి సెలవులకు ఎక్కడికెళ్ళాలో నేను చూసేశాను. వెళ్ళొచ్చినవాళ్ళు రాసినవన్నీ చదివాను. కుటుంబంతో చలికాలంలో తప్పక చూడాల్సిన పాత కోట అట. 'పిల్లలతో హాయిగా గడపొచ్చు, రద్దీ ఉండదు, పులిహోర కట్టుకెళ్ళండి' అని రాశారు. కారు కూడా మాట్లాడేశాను. పేరు రేగులగుట్ట."

వరప్రసాద్ చేతిలో మంచినీళ్ళ గ్లాసు కంచంలోకి ఒలికింది.

"అది ఆ కోటే" అన్నాడు.

లాస్య ముఖం పాలిపోయింది. షూటింగులో తేనెటీగలు కుట్టాయని తెలుసుగానీ, ఊరి పేరు ఆమెకు ఎవరూ చెప్పలేదు. "సారీ నాన్నా. మానేద్దాం" అంది.

అప్పుడే అమ్మాజీ నోరు విప్పింది. "ఎందుకు మానడం? జనం వెళుతున్నారుగా. బాబూ, నేను ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. మిక్సీ వేస్తే ఉలిక్కిపడతారు. మీరు అక్కడికెళ్ళి, ఏమీ కాకుండా ఇంటికొస్తే చాలు. నేనూ వస్తాను."

"అమ్మా, ఊరుకో" అంది మనోజ.

ఊరుకుంటే అయిపోయేది. కానీ వరప్రసాద్ వద్దనలేకపోయాడు. వద్దంటే ఆ భయం ఇంక జీవితాంతం ఇంట్లో మనిషిలా కూర్చుంటుందని అనిపించింది. "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం అన్న మాట ఇంట్లో అందరికీ సరే అన్నట్టు వినపడింది.

మర్నాటి నుంచి ఆఫీసులో పని పక్కన పెట్టి కోట గురించి జనం రాసినవన్నీ ఒక్కొక్కటే చదివాడు. సూర్యాస్తమయం బావుందన్నవాళ్ళు, మూత్రశాల లేదని తిట్టినవాళ్ళు, కోనేరులో తాబేళ్ళున్నాయన్నవాళ్ళు. తేనెటీగలన్న మాట ఒక్కరూ రాయలేదు. లేవని ఊరట కలగాల్సింది పోయి భయం ఇంకా పెరిగింది. ఇంతమంది ఆ కమాను కింద నుంచి నడిచి వెళ్ళారు. ఒక్కరూ తల ఎత్తి చూడలేదు.

కోట వాచ్‌మన్ నంబరు పాత ఫోనులో దొరికింది. ఫోను చేశాడు.

"పట్లు మల్ల పెట్టినయ్ సార్" అన్నాడు వాచ్‌మన్. "లోపటి దర్వాజకే. మనమేమనకుంటే అవేమనవు. మీరు రాండ్రి, నేనున్న కద."

ఆ మాటతో సగం ప్రాణం పోయింది. బయలుదేరే రోజు పొద్దున కారులో నాలుగు మందపాటి దుప్పట్లు పెట్టాడు. వాసనకు పట్టు రేగుతుందని ఎవరినీ సెంటు పూసుకోవద్దన్నాడు. మనోజ తలలో చామంతులు కూడా తీయించాడు. ఆమె తీసి ఫ్రిజ్‌లో పెట్టింది.

దారి పొడుగునా లాస్య పాటలు పెట్టింది. షాద్‌నగర్ దాటాక మనోజ ఇడ్లీలు విప్పింది. వరప్రసాద్‌కు ఒక్క ముక్క కూడా గొంతు దిగలేదు. దూరంగా గుట్ట, దాని మీద విరిగిన పళ్ళవరసలా కోటగోడ కనపడ్డాయి. కారులోనే ఉండిపోతానని చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. లాస్య అప్పటికే దిగి, "నాన్నా, ఎంత బావుందో" అంటూ అతని తలుపు తీసింది.

మొదటి ద్వారం దాటారు. రాళ్ళ సందుల్లో గడ్డి మంచుకు తడిగా ఉంది. అక్కడక్కడా కుటుంబాలు, చాపలు, ఫ్లాస్కులు. వరప్రసాద్ దుప్పట్లు భుజాన వేసుకుని నడుస్తున్నాడు. చూసినవాళ్ళు దుప్పట్లు అమ్ముకునేవాడనుకున్నారు. ఒకామె ధర కూడా అడిగింది.

లోపలి ద్వారం దగ్గర ఆగి తల పైకెత్తాడు. ఉన్నాయి. మూడు. మధ్యది తలుపంత వెడల్పు. పైకి కదలిక లేనట్టే ఉంది. కానీ తేరిపార చూస్తే దాని మీద ఒక అల పైనుంచి కిందకు జారింది. వేల రెక్కలు ఒక్కసారి విదిలించుకున్నట్టు. ఆగింది. మళ్ళీ జారింది.

"ఒక్కొక్కరే వెళ్ళండి. మాట్లాడకండి" అన్నాడు గొంతు తగ్గించి.

లాస్య వెళ్ళింది. మనోజ వెళ్ళింది. అమ్మాజీ చెయ్యి పట్టుకుని తను వెళ్ళాడు. ఆ నాలుగడుగులూ ఊపిరి తీసుకోలేదు. అవతల మండపం మెట్ల మీద కూర్చున్నాక అమ్మాజీ అతని మణికట్టు పట్టుకుని చూసింది. "నాడి గుర్రంలా పరిగెడుతోంది బాబూ. కాస్త మంచినీళ్ళు తాగండి" అంది. అతను తాగాడు. ఎండ కాళ్ళ మీద పడుతోంది. లాస్య కోనేరు దగ్గర తాబేళ్ళను వెతుకుతోంది. ఏమీ కాలేదు. నిజంగా ఏమీ కాలేదు. ఒక నిమిషం పాటు అతనికి అలా అనిపించింది.

అప్పుడు కమాను కిందకు ఒక జంట వచ్చింది. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునేవాళ్ళు. అమ్మాయి ఎర్రటి పొడుగు గౌను, అబ్బాయి సూటు. ఫోటోగ్రాఫరు సంచిలోంచి ఒక గొట్టం తీసి అబ్బాయి చేతికిచ్చాడు. అదేమిటో వరప్రసాద్‌కు తెలుసు. సినిమాలవాళ్ళందరికీ తెలుసు. రంగు పొగ.

లేచి నిలబడ్డాడు. వద్దని అరవాలి. గొంతు పెగల్లేదు. పొగ బుస్సున లేచింది, గులాబీ రంగులో.

"పరిగెత్తండి" అని కేక పెట్టాడు. ఆ కేక అతనిదిలా లేదు. దుప్పటి విప్పి అమ్మాజీ తల మీద కప్పి, రెక్క పట్టుకుని లాగాడు. మనోజ లాస్య కోసం పరిగెత్తింది. చాపల మీదున్న జనం ఏమైందో తెలియకుండానే లేచి పరుగు అందుకున్నారు. దుప్పటి కింద ఆవిడకు మెట్టు కనపడలేదు. కాలు మడత పడింది. రాతి మీద చెయ్యి ఆనించి పడింది. చిన్న చప్పుడైంది, ఎండుపుల్ల విరిగినట్టు.

వరప్రసాద్ ఆవిడ మీద వంగి, తన వీపు అడ్డం పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. హోరు కోసం ఎదురుచూశాడు. మెడ మీద మొదటి ముల్లు దిగడం కోసం ఎదురుచూశాడు.

రాలేదు. గాలి బయటి వైపు వీస్తోంది. పొగ పొలాల మీదికి పోయింది. కళ్ళు తెరిస్తే పైన పట్టు మీద అలలు గబగబా జారుతున్నాయి. అంతే. ఒక్క ఈగ కూడా లేవలేదు. వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చి ఫోటోగ్రాఫరును తిడుతున్నాడు. జనం వరప్రసాద్ వైపు అదోలా చూస్తున్నారు.

"చెయ్యి లేవట్లేదు బాబూ" అంది దుప్పటి కింద నుంచి అమ్మాజీ, నెమ్మదిగా.

జిల్లా కేంద్రంలో ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి కట్టు వేశారు. మణికట్టు దగ్గర రెండు ఎముకలూ విరిగాయన్నారు. తిరుగుదారిలో కారులో లాస్య కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. వరప్రసాద్ ముందు సీట్లో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఈగలు ఏమీ చేయలేదు. చేసింది తను. ఆ ముసలావిడ ఎముక విరిగింది తన భయం వల్ల. రేపు ఇంకెవరిది విరుగుతుందో.

"నావల్లే అత్తయ్యగారూ" అన్నాడు వెనక్కి తిరగకుండా.

"అవును, మీవల్లే" అంది అమ్మాజీ. కట్టు వేసిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, "దుప్పట్లన్నీ మీ భుజం మీదే ఉన్నాయి. ముందు నా మీద కప్పారు. మీకు కప్పుకోలేదు. అది కూడా చూశాను" అంది.

అతను జడ్చర్ల దాకా చీకట్లో కన్నీళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆ వారంలో లాస్య ఒక పని చేసింది. కోట గురించి అందరూ రాసేచోట తనూ రాసింది. లోపలి ద్వారం కింద తేనెపట్టులున్నాయనీ, నిప్పు, పొగ, డ్రోను, సెంటు వద్దనీ, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందు తల ఎత్తి చూడాలనీ, అక్కడ ఒక మనిషి పోయాడనీ. పోస్టు చేసేముందు తండ్రికి చూపించింది. అతను చదివి, "ఆ మనిషి పేరు రాయాలంటే వాళ్ళింట్లో అడగాలి" అన్నాడు. అన్నాక, అడగాల్సింది తనేనని అర్థమైంది.

ఆదివారం బోరబండ వెళ్ళాడు. రైల్వే స్టేషను దాటి, ఇళ్ళ మధ్య మెట్లెక్కి, పైసందులో ఉన్న గది దాకా. రాజమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఒక బంగళాలో వంటపని చేస్తోందిప్పుడు. అతన్ని చూసి చేట పక్కన పెట్టింది.

"కూసోండ్రి సార్. శానా దినాలకొస్తిరి."

అతను కూర్చుని అంతా చెప్పాడు. కోటకు వెళ్ళడం, పొగ, తను అరవడం, అత్తయ్య చెయ్యి. ఏదో ఒకటి అంటుందనీ, తిడుతుందనీ ఎదురుచూశాడు. ఆమె వింటూ కూర్చుంది.

"అవి ఇంక గాడనే ఉన్నయా?" అని అడిగింది చివరికి.

"ఉన్నాయి."

"మంది పోతున్నరా? పోరగాండ్లను తీస్కొని?"

"వెళుతున్నారమ్మా. బాగా వెళుతున్నారు."

రాజమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అందరు సూస్తున్నరు. నేనే సూడలే. మా ఆయన ఏడ వొయిండో నాకెర్కలే. పేపర్ల చిన్న ఫోటో వచ్చింది, గంతే. నన్నొకపారి తీస్కపోతరా సార్?"

మళ్ళీ ఆ కమాను కిందకా? కుదరదనడానికి కారణాలు వరసగా నోటిదాకా వచ్చాయి. ఆమె అతని ముఖంలోకే చూస్తోంది.

"మీకు భయం గాదా?" అని అడిగాడు.

"అయితది సార్. ఎందుకు గాదు. ఎవరన్న ఎంబడుంటే పోవొచ్చు."

ఫిబ్రవరి మొదట్లో, చలి ఇంకా పూర్తిగా పోకముందే వెళ్ళారు. వరప్రసాద్, మనోజ, రాజమ్మ. కట్టు విప్పిన అమ్మాజీ కూడా బయలుదేరింది. కిందటిసారి లోపల ఏమీ చూడనేలేదని ఆవిడ పట్టు. అతను ముందురోజే వాచ్‌మన్‌తో మాట్లాడాడు. ఫోటోలవాళ్ళను ఇప్పుడు మొదటి ద్వారం దగ్గరే సంచులు విప్పించి చూస్తున్నామని అతను చెప్పాడు. అయినా వరప్రసాద్‌కు రాత్రంతా నిద్ర పట్టలేదు. దారిలో కారు ఆపించి ఒకసారి వాంతి చేసుకున్నాడు. మనోజ నీళ్ళ సీసా అందించి, వీపు నిమిరింది.

కమాను దగ్గర రాజమ్మ ఆగి చాలాసేపు పైకి చూసింది. వరప్రసాద్ ఆమె పక్కనే నిలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పారిపోవాలన్న కోరిక ఒంట్లో ప్రతి నరంలోనూ ఉంది. కదల్లేదు. తర్వాత ఇద్దరూ మాట్లాడకుండా కింద నుంచి దాటారు.

"ఏ గోడ మీద?" అని అడిగింది లోపలికి వెళ్ళాక.

అతను చూపించాడు. ఆమె గోడ మొదటికి వెళ్ళి, రాయి మీద చెయ్యి పెట్టి, మెడ వెనక్కి వంచి చూసింది.

"గింత ఎత్తు మీదనా?" అంది. "ఇంట్ల ఎన్నడు చెప్పలే. కిందనే నిలవడ్తం, లైట్లు వట్టుకుంటం అంటుండె. నేను భయపడ్తనని."

అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్మాజీ వెళ్ళి పక్కన కూర్చుంది. మనోజ కొంచెం దూరంగా నిలబడింది. వరప్రసాద్ మాత్రం ఎవరినీ చూడలేదు. కమాను వైపు ముఖం పెట్టి, వచ్చేపోయే ప్రతి మనిషి చేతుల్లో ఏముందో చూస్తూ నిలబడ్డాడు. ఒక తండ్రి జేబులోంచి సిగరెట్టు తీస్తుంటే దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ వద్దండీ, పైన చూడండి" అన్నాడు. ఈసారి మాట బయటికి వచ్చింది. ఆయన పైకి చూసి, సిగరెట్టు జేబులో పెట్టుకుని, పిల్లల్ని గబగబా అవతలికి తీసుకెళ్ళాడు.

మధ్యాహ్నం మండపంలో కూర్చుని భోంచేశారు. రాజమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర తెచ్చింది. వరప్రసాద్ ఒక రొట్టె తీసుకున్నాడు. కొంచెం కొంచెంగా తుంచుకుంటూ, మధ్యమధ్యలో తల ఎత్తి చూసుకుంటూ, చాలాసేపటికి అది పూర్తి చేశాడు. బోరబండలో అడగలేకపోయిన సంగతి అప్పుడు అడిగాడు. లాస్య రాసినదాంట్లో పోచయ్య పేరు పెట్టమని రాజమ్మ చెప్పింది. ఇంటిపేరుతో సహా పెట్టమంది.